మద్యపానానికి వయోపరిమితి: అమెరికా వాదవివాదాలపై ఒక విమర్శ

ఒక వస్తువు మనిషికి హాని చేస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఏ వయసు నుండి మనిషి ఆ హానికి అర్హుడవుతాడు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అర్ధశతాబ్దానికి పైగా నడుస్తున్న మద్యపాన వయోపరిమితి వివాదం ఈ రెండవ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది. పద్దెనిమిదేళ్లకు అనుమతించాలని ఒక పక్షం, ఇరవై ఒకటి నిండేవరకు ఆపాలని మరొక పక్షం వాదిస్తూ వచ్చాయి. ఉభయ పక్షాలలోను విద్యావంతులు, సదుద్దేశం గలవారు వున్నారు. ఉభయుల వాదాలలోను కొంత సత్యం వున్నది.

ఈ వివాదాన్ని చూసి ముస్లిం పాఠకుడు సాధారణంగా రెండింటిలో ఒక తీరున స్పందిస్తాడు. మద్యం ఏ వయసులోనైనా హరామే గనుక ఈ చర్చతో తనకు పని లేదని ఒకరు తప్పుకుంటారు. పాశ్చాత్యులు ఎట్టకేలకు ఇస్లాం చెప్పిన మాటకే వస్తున్నారని మరొకరు సంబరపడతారు. ఈ రెండు స్పందనలూ తొందరపాటువే. వివాదాన్ని మొదటినుండి పరిశీలిస్తే ఈ విషయం తేటపడుతుంది.

1. చట్టం ఎలా వచ్చింది?

అమెరికాలో 1920 జనవరిలో అమలులోకి వచ్చిన మద్యనిషేధం 1933లో రాజ్యాంగపు ఇరవై ఒకటవ సవరణతో రద్దయింది. మద్యంపై నియంత్రణ అధికారం అప్పటినుండి రాష్ట్రాల చేతికి వచ్చింది. ఎక్కువ రాష్ట్రాలు కొనుగోలుదారుకు ఇరవై ఒక్కేళ్ల వయసును కనీస అర్హతగా నిర్ణయించాయి. ఓటు హక్కుకు కూడా అప్పుడు అదే వయసు.

వియత్నాం యుద్ధకాలంలో ఈ లెక్క తారుమారైంది. పద్దెనిమిదేళ్ల యువకుడిని బలవంతంగా సైన్యంలో చేర్చుకొని యుద్ధానికి పంపే ప్రభుత్వం అతనికి ఓటు ఎందుకు ఇవ్వదన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. 1971లో ఇరవై ఆరవ సవరణ ద్వారా ఓటు వయసు పద్దెనిమిదికి తగ్గింది. ఆ వెనుకనే మద్యం వయసు కూడా తగ్గింది. 1970-75 మధ్య 29 రాష్ట్రాలు దానిని పద్దెనిమిదికో, పందొమ్మిదికో, ఇరవైకో తగ్గించాయి.

ఫలితం రోడ్లమీద కనిపించింది. వయసు తగ్గించిన రాష్ట్రాలలో యువకుల వాహన ప్రమాదాలు పెరిగాయి. ఇరవై ఒకటి అమలులో వున్న రాష్ట్రాల యువకులు పొరుగు రాష్ట్రానికి పోయి తాగి, మత్తులోనే కారు నడుపుకొంటూ తిరిగి వచ్చేవారు. అటువంటి సరిహద్దులకు నెత్తుటి సరిహద్దులన్న పేరు స్థిరపడింది. 1980లో కాలిఫోర్నియాలో కాండీ లైట్నర్ అనే మహిళ పదమూడేళ్ల కుమార్తెను ఒక తాగుబోతు కారు కింద పోగొట్టుకొని, తాగి వాహనం నడపడానికి వ్యతిరేకంగా తల్లుల సంఘాన్ని స్థాపించింది. ఆ ఉద్యమ బలంతోనే 1984 జూలై 17న అధ్యక్షుడు రీగన్ జాతీయ కనీస మద్యపాన వయసు చట్టంపై సంతకం చేశాడు.

ఈ చట్టం పనిచేసే తీరు విచిత్రమైనది. మద్యంపై అధికారం రాష్ట్రాలది కావడంతో కేంద్రం వయసును నేరుగా శాసించలేదు. ఇరవై ఒకటికి లోబడినవారికి మద్యం కొనడానికి, బహిరంగంగా దగ్గర వుంచుకోవడానికి అనుమతించే రాష్ట్రానికి రహదారుల నిధులలో కోత పెడతామన్నది. మొదటి ఏడు నూటికి 5, ఆ తరువాత నూటికి 10 వంతున ఆ కోత. పందొమ్మిదేళ్లవారికి తక్కువ మత్తు గల బీరును అనుమతిస్తున్న దక్షిణ డకోటా రాష్ట్రం దీనిని సవాలు చేసింది. 1987లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒక వైపు, ఇద్దరు మరొక వైపుగా కేంద్రం పక్షాన తీర్పు చెప్పింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ ఇరవై ఒకటికి వచ్చాయి.

ఇందులో గమనించదగిన సంగతి ఒకటి వున్నది. లైట్నర్ కుమార్తెను చంపినవాడు కుర్రవాడు కాడు. నడివయస్కుడు. తాగి వాహనం నడిపిన నేరానికి అంతకు ముందే పట్టుబడినవాడు. నేరం పెద్దవాడిది. ఆ ఉద్యమం పెద్దలపై శిక్షలను కూడా కఠినం చేయించిన మాట నిజమే. కాని మద్యానికి దూరంగా వుండవలసిన బాధ్యత మాత్రం పిల్లల మీదనే పడింది.

2. పద్దెనిమిది పక్షం

వయసు తగ్గించాలన్న పక్షానికి ఇటీవలి కాలంలో గట్టి గొంతు ఇచ్చినది 2008లో వెలువడిన అమెథిస్ట్ ప్రకటన. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాలకు అధ్యక్షుడిగా పనిచేసిన జాన్ మెకార్డెల్ దీనికి ప్రేరకుడు. డ్యూక్, డార్ట్‌మత్, జాన్స్ హాప్కిన్స్ వంటి పేరుపొందిన విద్యాసంస్థల అధ్యక్షులతో సహా నూటముప్పై మందికి పైగా దానిపై సంతకాలు చేశారు. అమెథిస్ట్ అన్నది ఊదారంగు రత్నం. మత్తు ఎక్కనిది అన్న అర్థం గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చింది. ఆ రాయి దగ్గర వుంటే మత్తెక్కదని పూర్వపు గ్రీకులు నమ్మేవారు.

ఈ పక్షం వాదాలు ముఖ్యంగా మూడు. ఓటు వేయడానికి, పెళ్లాడడానికి, ఒప్పందంపై సంతకం చేయడానికి, దేశం కోసం ప్రాణమివ్వడానికి పనికివచ్చినవాడు ఒక గ్లాసు బీరు తాగడానికి పనికిరాడనడం అసంగతం. ఇది మొదటిది. నిషేధం వల్ల తాగుడు ఆగకుండా చాటుకు పోయిందనీ, హాస్టలు గదులలో తలుపులు వేసుకొని తక్కువ సమయంలో ఎక్కువ తాగే ప్రమాదకరమైన అలవాటు ప్రబలిందనీ రెండవది. బహిరంగంగా ఉల్లంఘింపబడే చట్టం వల్ల యువతకు చట్టమంటేనే చులకన ఏర్పడుతుందనీ మూడవది. మెకార్డెల్ స్థాపించిన సంస్థ ఒక మార్గం కూడా సూచించింది. పద్దెనిమిది నుండి ఇరవై వరకు వయసు గలవారికి మద్యం గురించి శిక్షణనిచ్చి, పరీక్ష పెట్టి, వాహనం నడిపేవారికి ఇచ్చినట్లు లైసెన్సు ఇవ్వాలన్నది ఆ సూచన.

మూడవ వాదంలో నిజాయితీ వున్నది. విద్యార్థులు తాగుతున్నారని తెలిసి కూడా తెలియనట్లు నటించవలసి రావడం విద్యాసంస్థ అధిపతికి ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు. కాని చట్టాన్ని ఉల్లంఘిస్తున్నారు గనుక చట్టాన్నే సడలించాలన్న తర్కం పూర్తిగా నిలబడదు. వేగపరిమితిని కూడా జనం ఉల్లంఘిస్తూనే వున్నారు. అంతమాత్రాన దానిని ఎత్తివేయాలని ఎవరూ కోరరు.

రెండవ వాదాన్ని అనుభవం సమర్థించడం లేదు. చట్టానికి ముందు, 1980 ప్రాంతంలో, అమెరికాలో పాఠశాల చివరి తరగతి విద్యార్థులలో నూటికి 70 మంది గడచిన నెలలో మద్యం తాగినట్లు సర్వేలో చెప్పేవారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య మూడింట ఒక వంతుకు లోపే. ఈ తగ్గుదల అంతా చట్టం వల్లనే అని చెప్పలేము. కాని చట్టం వల్ల తాగుడు పెరిగిందన్న మాటకు ఇందులో చోటు లేదు. ఇంట్లో తల్లిదండ్రుల ముందు చిన్ననాటి నుండే అలవాటైన యూరపు పిల్లలు మితంగా తాగుతారన్న ప్రచారం కూడా లెక్కల ముందు నిలవడం లేదు. అమెరికా పిల్లలకంటే అనేక యూరపు దేశాల పిల్లలే ఎక్కువగా తాగుతున్నారు. న్యూజీలాండ్ 1999లో ఈ వయసును ఇరవై నుండి పద్దెనిమిదికి తగ్గించిన తరువాత, పదిహేను నుండి పందొమ్మిది వరకు వయసు గలవారిలో వాహన ప్రమాదాల గాయాలు పెరిగినట్లు పరిశోధకులు కనుగొన్నారు. చట్టం అనుమతించినది పద్దెనిమిది దాటినవారినే. గాయపడినవారిలో పదిహేనేళ్లవారు కూడా వున్నారు. పెద్ద తమ్ముడికి తెరచిన తలుపు గుండా చిన్న తమ్ముడు కూడా లోపలికి వస్తాడన్నమాట.

ఇక మొదటి వాదం. సైనికుడి వాదం వినడానికి బలంగా వుంటుంది. కాని అది మద్యం గురించి ఏమీ చెప్పదు. యుద్ధానికి పోగలవాడు తాగగలడు అన్న మాటలో మద్యపానం పురుషత్వానికి దక్కవలసిన ప్రతిఫలమన్న భావం దాగి వున్నది. ఈ భావాన్ని ముందు పరిశీలించవలసి వుంటుంది.

3. ఇరవై ఒకటి పక్షం

ఈ పక్షం చేతిలో వున్నవి ముఖ్యంగా లెక్కలు. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం 1975 నుండి 2017 వరకు ఈ వయోపరిమితి చట్టాల వల్ల 31 వేలకు పైగా ప్రాణాలు నిలిచాయి. ఒక్క మానవ ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవజాతిని కాపాడడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ (5:32) బోధను నమ్మేవారు ఈ సంఖ్యను తేలికగా తీసిపారవేయలేరు. దీనికి తోడు వైద్యశాస్త్రం మరొక సంగతి చెబుతున్నది. నిగ్రహానికి, ముందుచూపుకు ఆధారమైన మెదడు ముందు భాగం ఇరవై అయిదేళ్ల ప్రాంతం వరకు పరిణతి చెందుతూనే వుంటుంది. ఆ వయసులో మద్యం చేసే చెరుపు లోతుగా వుంటుంది.

కాబట్టి పద్దెనిమిదా ఇరవై ఒకటా అని మాత్రమే అడిగితే, సాక్ష్యం ఇరవై ఒకటి వైపే మొగ్గుతుంది. ఇందులో సందేహానికి తావు లేదు.

కాని ఈ పక్షం తనను తాను అడగని ప్రశ్న ఒకటి వున్నది. తాగి వాహనం నడిపి ప్రాణాలు తీస్తున్నవారిలో అత్యధికులు ఇరవై ఒకటి దాటినవారే. మద్యం క్యాన్సరుకు నిశ్చయమైన కారణాలలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యంలో ఏదీ లేదని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. 2019లో ప్రపంచమంతటా 26 లక్షల మరణాలకు మద్యం కారణమని లెక్కకట్టింది. కాలేయం పుట్టినరోజు చూసి చెడిపోదు. పిల్లవాడి మెదడు పేరిట లేవనెత్తిన వైద్యశాస్త్రం తండ్రి కాలేయం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మౌనం వహించాలి?

ఇందుకు జవాబు ఒక్కటే. పెద్దలు తమకోసం అట్టిపెట్టుకొన్న దానిని పిల్లలకు నిషేధించడం సులభం. తమ గ్లాసును తాము కింద పెట్టడం కష్టం.

4. ఉభయులూ ఒప్పుకొన్న మాట

ఇప్పుడు రెండు పక్షాలకూ ఉమ్మడిగా వున్న పునాది కనిపిస్తుంది. మద్యపానం పెద్దరికపు హక్కు అని ఇరువురూ అంగీకరించారు. పెద్దరికం ఏనాడు వస్తుందన్న దానిమీదనే వారి తగవు. ఒకరు ఆ హక్కును మూడేళ్ల ముందు ఇమ్మంటున్నారు, మరొకరు మూడేళ్ల తరువాత ఇస్తామంటున్నారు.

దీని పర్యవసానం అమెరికా సమాజంలో బాహాటంగా కనిపిస్తుంది. ఇరవై ఒకటవ పుట్టినరోజు అక్కడ ఒక పర్వదినం. ఆ రాత్రి స్నేహితులు యువకుడిని మద్యశాలకు తీసుకువెళ్లి మితిమీరి తాగిస్తారు. చట్టం ఏ వస్తువును అతనినుండి కాపాడుకొంటూ వచ్చిందో ఆ వస్తువే అతను మనిషి అయినాడనడానికి గుర్తుగా మారింది. కంచె ఏ మేరకు రక్షించిందో ఆ మేరకే కంచె ఆవలి వస్తువుకు విలువ కట్టింది కూడా. పద్దెనిమిది పక్షం ఈ దోషాన్ని సరిగానే పసిగట్టింది. కాని వారు సూచించిన మందు ఆ పండుగను మూడేళ్లు ముందుకు జరపడం మాత్రమే. పైగా పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే, మద్యం ఒక పట్టాగా మారుతుంది.

5. ఫిఖ్హ్ దృష్టిలో వయసు

వయసుల మధ్య భేదాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం గుర్తించదని ఎవరైనా భావిస్తే అది పొరపాటు. నిజానికి ఫిఖ్హ్ వేత్తలు ఈ విషయాన్ని ఎంతో సూక్ష్మంగా చర్చించారు. యుక్తవయస్కుడయ్యేవరకు బాలుడిపై కలం ఎత్తబడి వుంటుందని, అంటే అతని తప్పులు లిఖింపబడవని, హదీసు తెలుపుతున్నది. ఆ యుక్తవయసు, అనగా బులూగ్, శారీరక చిహ్నాలతో నిర్ణయమవుతుంది. చిహ్నాలు కనబడనప్పుడు పదిహేను చాంద్రమాన సంవత్సరాలని అధిక సంఖ్యాక విద్వాంసులు అన్నారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) అబ్బాయికి పద్దెనిమిది, అమ్మాయికి పదిహేడు అన్నారు.

పదిహేనేళ్లని చెప్పినవారి ప్రధాన ఆధారం సైనికుడి వాదాన్ని గుర్తుకు తెస్తుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉహుద్ యుద్ధానికి పద్నాలుగేళ్ల వయసులో వస్తే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుమతించలేదు. కందక యుద్ధం నాటికి పదిహేనేళ్లవాడై వస్తే అనుమతించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వున్న ఈ ఉల్లేఖనాన్ని విన్న ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) చిన్నవారికీ పెద్దవారికీ మధ్య హద్దు ఇదేనని నిర్ణయించి, తన అధికారులకు ఆ ప్రకారం ఆదేశాలు పంపారు.

ఇక్కడ కూడా యుద్ధమే కొలబద్ద. అయితే ఆ కొలబద్ద దాటినవాడికి లభించినది ఏమిటి? తక్లీఫ్, అంటే బాధ్యత. నమాజు, ఉపవాసం, సాక్ష్యం, శిక్ష, ఇవన్నీ ఆనాటినుండి అతని మెడకు చుట్టుకొంటాయి. ఒక నాగరికతలో పెద్దవాడైనవాడు ఏది చేయడానికి అర్హుడయ్యాడని అడుగుతారు. మరొక దానిలో దేనికి జవాబుదారీ అయ్యాడని అడుగుతారు. వివాదం మూలం ఈ రెండు ప్రశ్నల తేడాలో వున్నది.

ఆస్తి విషయంలో ధర్మశాస్త్రం ఇంకా ఒక మెట్టు పైకి వెళ్లింది. అనాథల వయసు నిండినంత మాత్రాన సరిపోదనీ, వారిని పరీక్షించి, వివేకం (రుష్ద్) కనిపించిన తరువాతనే ఆస్తిని అప్పగించాలనీ ఖుర్ఆన్ (4:6) ఆదేశం. వివేకం కనిపించని పక్షంలో ఇమాం అబూ హనీఫా (రహ్మ) ఇరవై అయిదేళ్లను చివరి గడువుగా పేర్కొన్నారు. ఇది మెదడు గురించి వైద్యులు చెప్పే వయసుకు దగ్గరగా వున్నదని చెప్పి కొందరు గొప్పలు పోవచ్చు. ఆ ప్రలోభానికి లొంగకపోవడం మంచిది. ఇమాంగారు అనుభవంతో చేసిన ఇజ్తిహాద్‌కు ఈనాటి ప్రయోగశాల ధ్రువపత్రం అవసరం లేదు. రేపు వైద్యుల లెక్క మారితే ఆ ఇజ్తిహాద్ గౌరవం తగ్గదు. అసలు విషయం వేరే. వివేకాన్ని పరీక్షించి ఆస్తిని ఇవ్వడం అర్థవంతం. వివేకాన్ని పరీక్షించి, ఆ వివేకాన్నే హరించే పానీయానికి లైసెన్సు ఇవ్వడం ఏ తర్కానికి లొంగుతుంది?

మద్యం విషయానికి వచ్చేసరికి ఫిఖ్హ్‌లో వయసు ఒకే ఒక చోట పనిచేస్తుంది. తాగిన బాలుడిపై శిక్ష లేదు. అంతేగాని బాలుడికి తాగించడానికి అనుమతి లేదు. హనఫీల ప్రామాణిక గ్రంథమైన హిదాయాలో మర్గీనానీ (రహ్మ) మగపిల్లలకు పట్టు, బంగారం తొడిగే సమస్యను చర్చిస్తూ ఒక సూత్రం చెప్పారు. ధరించడం నిషిద్ధమైనప్పుడు ధరింపజేయడమూ నిషిద్ధమే. అందుకు ఆయన చూపిన ఉదాహరణ మద్యమే. తాగడం హరామైనది గనుక తాగించడమూ హరామే. అంటే బాలుడు దోషి కాకపోయినా, గ్లాసు అందించిన పెద్దవాడు దోషి. తిర్మిజీలోని హదీసు మద్యానికి సంబంధించి పది మందిని శపించింది. పిండినవాడు, మోసినవాడు, పోసినవాడు, అమ్మినవాడు, దాని సొమ్ము తిన్నవాడు అందులో వున్నారు. ఆ పదిమందిలో తాగినవాడు ఒక్కడే. వయసు అడిగి గుర్తింపు కార్డు చూసే చట్టం ఆ ఒక్కడి చుట్టూనే ప్రధానంగా తిరుగుతుంది.

6. అబూ తల్హా ఇంటిలో ఒక రోజు

మద్యనిషేధం ఒక్క రోజులో దిగలేదు. ఖుర్ఆన్ మొదట మద్యంలోని పాపం దాని ప్రయోజనంకంటే పెద్దదని తెలిపింది (2:219). తరువాత మత్తులో వుండి నమాజుకు రావద్దన్నది (4:43). చివరకు దానిని షైతాను పనుల్లోని మాలిన్యంగా ప్రకటించి సంపూర్ణంగా విడువమన్నది (5:90-91). తొలినాటనే మద్యం మానండి అని అవతరించి వుంటే జనం ఎన్నటికీ మానమని అనేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతిని బుఖారీ నమోదు చేశారు.

ఆ చివరి ప్రకటన వెలువడిన రోజు సంఘటనను హజ్రత్ అనస్ (రజి) స్వయంగా చెప్పారు. అబూ తల్హా (రజి) ఇంటిలో పెద్దలు కూర్చొని ఖర్జూర మద్యం తాగుతున్నారు. పోసి అందిస్తున్నది అనస్. ఆ గుంపులో అందరికంటే చిన్నవాడు తానేనని ఆయనే అన్నారు. నిషేధం ఏ సంవత్సరంలో వచ్చిందన్న దానిపై పలు అభిప్రాయాలు వున్నా, ఏ లెక్క తీసుకున్నా అప్పటికి అనస్‌కు ఇరవై ఏళ్లు నిండలేదు. వీధిలో చాటింపు వినిపించింది. పెద్దలు ఎదురు ప్రశ్న వేయలేదు. గ్లాసులో మిగిలినది పూర్తి చేద్దామనలేదు. పారబోయమని ఆ చిన్నవాడికే చెప్పారు. మదీనా వీధులలో మద్యం పారింది.

అమెరికా చట్టానికి ప్రక్కన ఈ దృశ్యాన్ని పెట్టి చూడాలి. అక్కడ పెద్దలు గ్లాసులు చేత పట్టుకొని చిన్నవారిని ఆగమంటున్నారు. ఇక్కడ పెద్దలు ముందు తమ గ్లాసులు పారబోశారు, చిన్నవాడు దానిని కళ్లారా చూశాడు. ఏ వయసువాడు తాగవచ్చన్న ప్రశ్న ఆ ఇంటిలో పుట్టడానికి అవకాశమే లేకపోయింది. చిన్నవాడు పెద్దవాడైన తరువాత ఎదురుచూడవలసినది ఏదీ మిగలలేదు.

దీనిపై ఒక ఆక్షేపణ రావడం సహజం. అమెరికా కూడా 1920లో అందరికీ నిషేధించింది గదా, పదమూడేళ్లలో ఓడిపోయింది గదా అని అడగవచ్చు. ఆక్షేపణ సరైనదే. శాసనం ఒక్కటే మనిషిని మార్చలేదన్న దానికి అది సాక్ష్యం. మదీనాలో చాటింపు చివర వచ్చింది. దానికి ముందు సంవత్సరాల తరబడి హృదయాల తయారీ జరిగింది. ఆ తయారీ లేని చోట ముస్లిం దేశాలలోని నిషేధం కూడా దొంగచాటు వ్యాపారానికి దారితీసిన సందర్భాలు లేకపోలేదు. ఈ నిజాన్ని దాచిపెట్టి ఇస్లాం పేరిట గర్వించడం నిజాయితీ కాదు.

7. ఇక్కడి ముస్లిం ఏ వైపు నిలవాలి?

ఈ చర్చ అమెరికాకే పరిమితమైనది కాదు. భారతదేశంలో ఈ వయసు రాష్ట్రానికొక తీరుగా వున్నది. గోవాలో పద్దెనిమిది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇరవై ఒకటి. కేరళ 2017లో ఇరవై ఒకటి నుండి ఇరవై మూడుకు పెంచింది. హర్యానా 2021లో ఇరవై అయిదు నుండి ఇరవై ఒకటికి తగ్గిస్తూ శాసనం చేసింది. ఔషధానికి తప్ప మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించడానికి ప్రభుత్వాలు కృషి చేయాలని రాజ్యాంగపు 47వ అధికరణం చెబుతున్నది. మద్యం రాబడి మీద ఆధారపడిన ప్రభుత్వాలకు ఆ అధికరణం గుర్తుకు రావడం లేదు.

తెలుగునాట దీనికి భిన్నమైన ఒక అనుభవం కూడా వున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న పేద స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ స్త్రీలు కొడుకుకు ఎన్నేళ్లు నిండాలి అని అడగలేదు. భర్త కూలి డబ్బు పోతున్న దుకాణాన్నే ఎత్తివేయమన్నారు. వారు పట్టుకొన్నది తాగేవాడి వయసును కాదు, అమ్మేవాడి గల్లాపెట్టెను. హదీసు లెక్కపెట్టిన పదిమందిలో మిగిలిన తొమ్మిది మందిని నిరక్షరాస్యులైన ఆ స్త్రీలు అమెరికా కళాశాలల అధ్యక్షులకంటే స్పష్టంగా గుర్తించారు. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఖజానా లోటే అందుకు చూపిన ముఖ్య కారణం.

ఇటువంటి స్థితిలో వయోపరిమితి చర్చ వచ్చినప్పుడు ముస్లిం పౌరుడు తప్పుకోవడం ధర్మం కాదు. రెండు హానులలో పెద్దదానిని తప్పించడానికి చిన్నదానిని భరించాలన్నది ఫిఖ్హ్ వేత్తలు అంగీకరించిన సూత్రం. చెడుకు దారితీసే మార్గాలను మూసివేయడం (సద్దుజ్జరాయి) మరొకటి. ఈ సూత్రాల ప్రకారం వయసు పెంచే చట్టాన్ని సమర్థించడం, తగ్గించే చట్టాన్ని వ్యతిరేకించడం సబబు. దానివల్ల నిలిచే ప్రాణాలు ముస్లింలవి కావచ్చు, కాకపోవచ్చు. ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటి.

అయితే ఆ సమర్థన ఎక్కడ ఆగాలో కూడా తెలుసుకోవాలి. ఇరవై ఒకటి అన్న అంకె ఒక కంచె మాత్రమే, హలాల్, హరామ్‌ల సరిహద్దు కాదు. చట్టం అనుమతించిన నాటినుండి తాగడం తప్పు కాదన్న భావం ముస్లిం యువకుడి మనసులో చేరితే, ఆ కంచె వల్ల నష్టమే జరిగినట్లు. హైదరాబాదు నుండి, గుంటూరు నుండి అమెరికా విశ్వవిద్యాలయాలకు చదువుకోసం వెళ్లే పిల్లలలో చాలామంది ఆ ఇరవై ఒకటి దాటినవారే. అక్కడి చట్టం వారిని ఆపదు. వారిని ఆపగలిగినది ఏదైనా వుంటే అది ఇంటినుండి వెంట తీసుకుపోయినదే అయి వుంటుంది.

ఆ ఇల్లు ఎటువంటిది అన్నదే చివరి ప్రశ్న. ముస్లింల పెళ్లి విందులలో ఒక మూల గదిలో పెద్దలు చాటుగా సీసా తెరుస్తారు. పిల్లలను అటు రావద్దంటారు. ఆ గదిలో కూడా ఒక వయోపరిమితి చట్టం అమలవుతూనే వున్నది. దానిని ఎవరూ సంతకం చేసి వెలువరించలేదు, అంతే. ఆ గది తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడు నేర్చుకొనేది అమెరికా కుర్రవాడు నేర్చుకొనేదే. అది చెడ్డదని కాదు, తన వంతు ఇంకా రాలేదని.

అబూ తల్హా (రజి) ఇంటిలో అనస్ (రజి) నేర్చుకొన్నది మరొకటి. పద్దెనిమిదా ఇరవై ఒకటా అన్న వాదం రేపు ఏ వైపు తేలినా, ముస్లిం ఇంటికి ఆ చిన్నవాడి పాఠమే అవసరం. ఆ పాఠం చెప్పవలసినది పెద్దలు, అదీ ముందు తమ చేతిలోని గ్లాసు పారబోసిన తరువాత.